కోడింగ్ రాని ఫౌండరు

ఆయనకు కోడింగ్ రాదు. ఈ సంగతి మనం కనిపెట్టక్కర్లేదు, ఆయనే చెబుతాడు. పెళ్లి పంక్తిలో పక్క విస్తరి వాళ్లకు చెబుతాడు, గూడూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతాడు. పింఛను కోసం సచివాలయానికొచ్చిన ముసలమ్మకు కూడా చెప్పాడని వినికిడి. "ఒక్క లైను కోడు రాయలా. పదివేల ఎన్‌ఎఫ్‌టీలు లాంచ్ చేసినా." మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య కాస్త ఆగుతాడు, మనం నోరు తెరవడానికి వీలుగా.

వాకాడులో ఆయన్ని ఫౌండరు అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. ఈయనొక్కడే అనుకునేరు! కోటలో ఒకరు, నాయుడుపేటలో ఒకరు, సముద్రం వెంబడి ఊరికొకరు తగులుతూనే ఉంటారు. నేను రాస్తున్నది ఒక మనిషి గురించి కాదు, ఆ జాతి గురించి. వాకాడు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ మాటా రొయ్యా ఇప్పటికీ నెల్లూరువే కాబట్టి, మా వాణ్ణే బొమ్మకు కూర్చోబెట్టాను.

వయసు ముప్పై దాటింది. మెడలో ఇయర్‌ఫోన్లు, టీషర్టు మీద కోతిబొమ్మ. ఆ కోతిది గొప్ప వంశం. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో కొందరు 'బోర్డ్ ఏప్ యాట్ క్లబ్' అని పేరుపెట్టి పదివేల కోతిబొమ్మలను ఎన్‌ఎఫ్‌టీలుగా, అంటే ఫలానా బొమ్మ ఫలానావాళ్లదని ఆన్‌లైన్ చిట్టాలో రాసిచ్చే టోకెన్లుగా, ఒక్కోటి సుమారు 200 డాలర్లకు అమ్మారు. ఏడాది తిరిగేసరికి అవే బొమ్మలు లక్షల డాలర్లు పలికాయి. టీషర్టు మాత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులో బేరమాడి కొన్నది.

ఫౌండరు దగ్గర రెండు కథలుంటాయి. మొదటిది బీపుల్ కథ: కంప్యూటర్లో రోజుకొక బొమ్మ వేసుకుంటూ పోయిన అమెరికా చిత్రకారుడు. ఆ బొమ్మలన్నీ అతికించిన ఫైలు ఒక్కటి 2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు పోయింది. మన లెక్కలో దరిదాపు 500 కోట్లు. రెండోది ఇండోనేషియా కుర్రాడు గొజాలి కథ. కంప్యూటర్ ముందు కూర్చుని ఏళ్ల తరబడి తీసుకున్న 933 సెల్ఫీలను 2022 జనవరిలో ఒక్కోటి మూడు డాలర్లకు పెడితే జనం ఎగబడ్డారు. "వాడి మొకం వాడు అమ్ముకున్నాడు. మనకు మొకం లేదా?" అంటాడు ఫౌండరు. గొజాలి అప్పట్లో చదువుతున్నది కంప్యూటర్ సైన్సన్న ముక్క ఆయన కథలో ఉండదు. ట్విట్టర్ పెట్టిన డోర్సీ మొట్టమొదటి ట్వీటును 29 లక్షల డాలర్లకు కొన్నాయన మరుసటి ఏడు వేలానికి పెడితే వందల డాలర్ల పాట పలికిన కథ కూడా ఉండదు. మనం గుర్తుచేస్తే, "మార్కెట్టన్నాక కరెక్షన్ ఉంటాదన్నా" అని టీ చెబుతాడు. డబ్బులు మనం ఇవ్వాలి.

దగ్గర్లోని విద్యానగర్‌లో ఇంజినీరింగ్ కాలేజీ 1979 నుంచి ఉంది. అక్కడ కోడింగ్ నేర్చిన పిల్లలు ఏటా గూడూరులో రైలెక్కి బెంగళూరుకో చెన్నైకో పోతూనే ఉన్నారు. మన ఫౌండరు ఆ గేటు ముందు నుంచే బండి మీద తిరుగుతాడు. లోపలికి చూసి జాలిపడతాడు.

ఆయన స్టూడియో చూసి తీరాలి. ఇంటి వెనక రేకుల షెడ్డు, చుట్టూ ఎత్తయిన ఇనుప వల కంచె. ఆ ఎత్తు దేనికా అని అడిగితే నిజం బయటపడుతుంది. వాళ్ల నాన్న 2010 ప్రాంతంలో ఈము పక్షులకు వేయించిన షెడ్డది. ఈము నూనె పోతుంది, మాంసం పోతుంది, ఈక కూడా పోతుందని చెప్పినవాళ్లు ఈములనే అమ్మేసి వెళ్లిపోయారు. పక్షులు పోయాయి, అప్పు తీరింది, కంచె మిగిలింది. ఆ కంచెకే ఇప్పుడు వైఫై రౌటరు కట్టి ఉంది.

ఆయన ఎన్‌ఎఫ్‌టీల కలెక్షన్ పేరు 'వన్నామి బోట్ క్లబ్'. కోతులకు పడవ క్లబ్బుంటే మన తీరపు రొయ్యలకు ఎందుకుండకూడదన్నది వాదం. నాకూ న్యాయంగానే తోచింది. రొయ్యను మేనల్లుడు గీశాడు, తొమ్మిదో తరగతి. గీసింది ఒక్క రొయ్యనే. మిగతాదంతా పొరలు. ఒంటికి ఆరు రంగులు, తలకు ఎనిమిది టోపీలు (తలపాగా, హెల్మెట్, పెళ్లికొడుకు బాసికం వగైరా), ఏడు రకాల కళ్లద్దాలు, ఆరు రకాల మీసాలు. రొయ్యకు మీసం దేవుడే ఇచ్చాడు, అయినా వీళ్లు పైన ఇంకోటి పెట్టారు. వెనక అయిదు దృశ్యాలు: స్వర్ణముఖి బ్యారేజీ, తూపిలిపాళెం బీచి, దుగరాజపట్నం రేవు, పులికాట్ కొంగలు, గాలి కొట్టే ఏరేటరు తిరుగుతున్న రొయ్యల గుంట. ఈ పొరలను ఒక వెబ్‌సైటులో పోస్తే అదే గుణించి కలిపి ఇస్తుంది. ఆరు ఎనిమిదుల నలభై ఎనిమిది, దాన్ని ఏడుతో, మళ్లీ ఆరుతో, మళ్లీ అయిదుతో గుణిస్తే 10,080. పదివేలు ప్రపంచానికి, ఎనభై బంధువులకు.

అక్కడి నుంచి పని ఇంకా తేలిక. బ్లాక్‌చెయిన్ అనే ఆ చిట్టా మీద ఫలానా నంబరు టోకెన్ ఫలానా వాలెట్‌ది (డిజిటల్ పర్సుది) అని రాసిపెట్టే ఒప్పందం ఒకటుంటుంది, దాని నమూనాను ఈఆర్‌సీ-721 అంటారు. వెనకటికి ఆ ఒప్పందాన్ని కోడు తెలిసినవాళ్లు రాసుకునేవాళ్లు. ఇప్పుడు సైటువాళ్లే తయారుగా ఉంచారు. పేరు కొట్టు, బొమ్మ తగిలించు, రాయల్టీ శాతం పెట్టు, నొక్కు. ఇందులో ఇంకో సౌకర్యం ఉంది, దీన్ని లేజీ మింటింగ్ అంటారు. కొనేవాడు వచ్చి డబ్బు కట్టేదాకా ఆ టోకెన్‌ను చెయిన్ మీద రాయరు, కాబట్టి పెట్టేవాడికి ఖర్చు లేదు. ఇంకోలా చెప్పాలంటే ఫౌండరు లాంచ్ చేసిన పదివేల రొయ్యలు ఎవరైనా కొనేదాకా అసలు పుట్టనే లేదు. ఈ మాట నేనంటే ఆయన నొచ్చుకున్నాడు.

బస్టాండు టీకొట్టు దగ్గర ఫోన్లో వాటిని మొదటిసారి చూసింది వరసకు మామయ్యే ఒకాయన. నాలుగెకరాల గుంట ఉంది. చేతిలో గ్లాసుతో వంగి చూశాడు.

"ఏందబ్బయ్యా అది?"

"వన్నామి మావా. డిజిటల్."

"కౌంటెంత?"

మావ అడిగింది ధర్మమైన ప్రశ్న. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పైకి. ఈ తీరంలో రొయ్యను చూసి మొదట అడిగేది అదే.

"పదివేలు మావా," అన్నాడు ఫౌండరు ఛాతీ విరిచి.

"పదివేల కౌంటా?" మావ గ్లాసు దించాడు. "అది రొయ్య కాదబ్బయ్యా, ఇంకా సీడే."

ఫౌండరు ఓపికపరుడు. రేరిటీ గురించి చెప్పాడు. బంగారు రంగు ఒళ్లు, బాసికం, నల్లద్దాలు, మెలేసిన మీసం, నాలుగూ ఒక్కచోట కలిసిన రొయ్యలు మొత్తమ్మీద అయిదే అయిదు. తక్కువుండేది కాబట్టి రేటెక్కువ. మావ అంతా విన్నాడు. 1994లో టైగర్ రొయ్య వేసి, తెల్లమచ్చ తెగులొచ్చి నెల్లూరు తీరమంతా గుంటలు ఖాళీ అవడం కళ్లారా చూసినవాడు ఆయన.

"తక్కువుంటే రేటు రాదు నాయనా. తక్కువుండాల, కొనేవోడు గట్టు మీద నిలబడుండాల. వైట్‌స్పాట్ కొట్టిన యేడు నా గుంటలో మిగిలినవి శానా తక్కువ. ఎవురిచ్చినారు రేటు?"

దీనికి ఫౌండరు దగ్గర జవాబు లేదు, రోడ్‌మ్యాప్ ఉంది. ఎన్‌ఎఫ్‌టీ వాళ్లు బొమ్మతో పాటు భవిష్యత్తును కూడా అమ్ముతారు: మొదటి దశలో లాంచ్, రెండో దశలో టీషర్టులు, మూడో దశలో గేము, నాలుగో దశలో సముద్రం ఒడ్డున క్లబ్బు. వాకాడు జనానికి రోడ్‌మ్యాపులు కొత్తేమీ కాదు. దుగరాజపట్నంలో పెద్ద పోర్టు కడతామని కేంద్రం 2013లోనే చెప్పింది. ఓడ రాలేదు గానీ దాని మీద టీకొట్లలో నడిచిన చర్చకు లెక్కలేదు. ఫౌండరు దీన్ని కూడా తనకు అనుకూలంగా తిప్పుకున్నాడు. ఇంగ్లీషోళ్లు 1626లో ఇదే దుగరాజపట్నంలో కోఠీ పెట్టుకున్నారు, మద్రాసు ఇంకా లేదప్పటికి. "చూసినావా అన్నా, మనమెప్పుడూ ఎర్లీనే." వాళ్లు తర్వాత మూటాముల్లె సర్దుకుని మద్రాసుకే పోయారని అనబోయి ఊరుకున్నాను. కథ చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతూ ఉంటుంది, ఆర్పడానికి మనసొప్పదు.

లాంచ్ అయింది. మూడు అమ్ముడుపోయాయి. మొదటిది ఆయనే ఇంకో వాలెట్ తెరిచి కొనుక్కున్నాడు, ఫ్లోర్ ప్రైస్, అంటే కలెక్షన్‌లో అన్నిటికన్నా తక్కువ ధర, నిలబడాలి కదా. రెండోది డల్లాస్‌లో ఉన్న బావ, అక్క పోరు పడలేక. మూడోది ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి. ఆ మనిషి ఎందుకు కొన్నాడన్నది ఇప్పటికీ ఈము షెడ్డులో పరిశోధనాంశమే.

లాభం వచ్చిందన్న ధీమాతో గూడూరులో ఆడిటర్ దగ్గరికి వెళ్లాడు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల మీద లాభానికి 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోవడం కుదరదు. కొన్న ఖరీదు తప్ప మరే ఖర్చూ చూపించకూడదు, అంటే మేనల్లుడికి కొనిపెట్టిన బిర్యానీలు ఏ లెక్కలోకీ రావు. "పన్ను కట్టేంత పెద్దోళ్లమైనాం" అని ఫౌండరు స్టేటస్ పెట్టుకున్నాడు.

2023 సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌టీల మీద ఒక నివేదిక వచ్చింది. 73,257 కలెక్షన్లను పరిశీలిస్తే 69,795 కలెక్షన్ల విలువ సున్నాగా తేలిందని అందులో రాశారు. పేపర్లో చూసి పరామర్శకు వెళ్లాను. ఆయన దిగులుగా ఏమీ లేడు. "అంటే మనం మెజారిటీలోనే ఉన్నాం గదన్నా," అన్నాడు.

అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. వన్నామి బోట్ క్లబ్ ప్రచారానికి వీడియో తీస్తూ మావ గుంటలో ఏరేటరు పక్కన ఫోను జారవిడిచాడు. ఫోను పోయినా వాలెట్ పోదు, తెరవడానికి పన్నెండు ఇంగ్లీషు మాటల వరస ఒకటుంటుంది. దాన్ని భద్రంగా రొయ్యల మేత కంపెనీ క్యాలెండర్ వెనక రాసిపెట్టాడు. జనవరిలో వాళ్లమ్మ ఆ క్యాలెండర్ దించి, కాగితం మందంగా ఉందని, మనవడి లెక్కల పుస్తకానికి అట్టేసింది. ఆ పుస్తకం ఏడాది చివర పాత పేపర్లవాడికి పోయింది. అమ్మిన డబ్బు ఇప్పటికీ ఆ వాలెట్‌లో ఉంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ తీయలేరు.

ఫౌండరు మాత్రం చల్లగానే ఉన్నాడు. ఈమధ్య కోడింగ్ లేకుండా యాప్ కడుతున్నాడు, ఏఐతో. మీరు తూపిలిపాళెం బీచికి పోతూ వాకాడులో ఆగితే తప్పకుండా తగులుతాడు. కూర్చోండి, టీ తాగండి, గొజాలి కథ వినండి, మీకు కూడా వాలెట్ పెట్టిస్తానంటే పెట్టించుకోండి. ఆ పన్నెండు మాటలు మాత్రం ఆయనతో సహా ఎవరికీ చెప్పొద్దు, క్యాలెండర్ వెనక అసలే రాయొద్దు.