కత్తి లేని కోత

ఆపరేషన్ లేకుండా డిస్కు నయం చేసే సెంటరు పెట్టబోతున్న ఔత్సాహికులకు నమస్కారం. మంచి వ్యాపారమే ఎంచుకున్నారు. ఈ జబ్బులో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, పనిలో ముప్పాతిక భాగం రోగి ఒళ్ళే చేసిపెడుతుంది. జీతం అడగదు, సెలవు పెట్టదు. మీరు కొనుక్కోవలసింది బిల్లు పుస్తకం ఒక్కటే.

ముందు ప్యాకేజీ సంగతి. పదిహేను రోజులకు పెట్టారో, నష్టపోతారు. మూడు నెలలకు పెట్టండి. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు సయాటికాతో, అంటే నడుంలో నరం నలిగి వచ్చే నొప్పితో, కాలు లాగేస్తున్న రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టును రెండు వారాలు మంచం మీద పడుకోబెట్టారు, రెండో జట్టును పడుకోమనలేదు. పన్నెండు వారాలు తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 87 మంది నయంగా ఉందన్నారు. ఆ పన్నెండు వారాలూ రోగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే మీరు చేయవలసిన వైద్యం. తాటిపండు రాలే వేళకు వాలడం కాకికి ఎప్పటినుంచో వచ్చిన విద్యే. వాలినందుకు సులభ వాయిదాల్లో వసూలు చేయడం మాత్రం మన కాలం కాకులు నేర్చింది.

తర్వాత స్కాను. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఎమ్మారై రాయండి. ఏదో ఒకటి కనబడకపోదు. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, నూటికి 52 మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 మందికి ఏకంగా పొడుచుకొచ్చి ఉంది. ఈ సంగతి రోగి చెవిన పడనివ్వకండి. రిపోర్టులో ఎల్4-ఎల్5 అన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, గొంతు తగ్గించి, "గ్యాప్ వచ్చేసిందమ్మా, నరం నలిగిపోతోంది" అనండి. ఆపైన కాసేపు ఏమీ మాట్లాడకండి. ఆ కాసేపట్లోనే అడ్వాన్సు కట్టేస్తారు.

రిపోర్టు ఎంత ఘోరంగా ఉంటే హామీ అంత ధైర్యంగా ఇవ్వండి. డిస్కులోంచి ముక్క తెగి బయటపడిందా? మీ పంట పండినట్టే. అంతకుముందు వచ్చిన పరిశోధనలను గుదిగుచ్చి 2015లో లెక్కతీస్తే, అలా తెగిపడ్డవాటిలో నూటికి 96 వాటంతటవే తగ్గాయని తేలింది. ఊరికే ఉబ్బిన డిస్కుల్లో తగ్గినవి నూటికి 13. బయటపడ్డ ముక్కను ఒళ్ళు పరాయిదిగా పసిగడుతుంది. మాక్రోఫేజ్ కణాలు వచ్చి దాన్ని కొరుక్కు తినేస్తాయి, మిగిలినదాంట్లో నీరు ఇంకిపోతుంది. పాపం ఆ కణాలకు కెమెరా ముందు నిలబడి మాట్లాడడం రాదు. ప్రచారం వీడియోలో వాటి బదులు మీరు నిలబడండి.

సరంజామా గురించి దిగులొద్దు. నడుం బెల్టు, ట్రాక్షన్ బల్ల, కరెంటు పెట్టే పెట్టె ఉంటే చాలు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ, నడుం నొప్పికీ సయాటికాకీ ఇవేవీ ఇవ్వొద్దని 2016లోనే చెప్పింది. చెబితే చెప్పింది, మన కాలనీవాళ్ళెవరూ అది చదవరు. బల్ల మీద పడుకోబెట్టి బరువులు వేలాడదీస్తే ఏదో జరుగుతోందన్న తృప్తి రోగికి, సిట్టింగుకింత అన్న తృప్తి మీకు. బిళ్ళ రాయడానికి డాక్టరుగారు కూడా ఉంటే నరాల నొప్పికని ప్రెగాబలిన్ రాయించండి. 2017లో ఆస్ట్రేలియాలో సయాటికా రోగుల మీద పరీక్షిస్తే, అది ఉత్తుత్తి బిళ్ళను మించి మేలు చేయలేదు. కళ్ళు తిరగడం మాత్రం ఎక్కువైంది. కళ్ళు తిరిగేవాడు బిల్లు నిదానంగా చదవలేడు, అదొక లాభం.

మీ వంశమేమీ చిన్నది కాదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తన్నించుకోవడం మన పల్లెల్లో పాత వైద్యమే. నాలుగు రోజులకు తగ్గేది, తన్నుకు పేరొచ్చేది. ఆయన మీకు మూలపురుషుడు. కాకపోతే తన్ని ఊరుకునేవాడు, పది తన్నులు కొంటే రెండు ఉచితమనేవాడు కాదు.

ఇక నోరు జారకూడని సంగతులు. వీలైనంతలో నడవమనీ, మంచానికి అతుక్కోవద్దనీ, గంటల తరబడి కుర్చీలో కూలబడొద్దనీ, నొప్పి సడలేకొద్దీ వ్యాయామం పెంచుకోమనీ పొరపాటున కూడా చెప్పకండి. వీటికి రసీదు రాయడం కుదరదు. కొందరు ఫిజియోథెరపిస్టులు నాలుగు వ్యాయామాలు నేర్పి, "ఇక ఇంట్లో చేసుకోండి, రోజూ రానక్కర్లేదు" అంటారు. అలాంటివాళ్ళను ఉద్యోగంలోకి తీసుకున్నారో, మీ సెంటరుకు తాళమే.

"కత్తి పడితే కాళ్ళు పడిపోతాయి" అని సర్జన్లను రోజుకు రెండు పూటలా తిట్టండి. అందుకోసం 2007 నాటి నెదర్లాండ్స్ లెక్కను బీరువాలో దాచాలి. వారాల తరబడి సయాటికా తగ్గని 283 మందిలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు నొప్పి త్వరగా తగ్గింది, ఆగినవాళ్ళకు నెమ్మదిగా తగ్గింది. ఏడాదికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగినవాళ్ళలో నూటికి 39 మంది మధ్యలో ఓపిక చాలక ఆపరేషనుకే వెళ్ళారు. ఈ లెక్క చేతికొస్తే రోగి తన నొప్పి, తన ఓపిక, తన సెలవులు, తన డబ్బు చూసుకుని తానే తేల్చుకుంటాడు. తానే తేల్చుకునే రోగి సర్జనుకు బెదరడు, మీకూ దొరకడు.

చివరగా, ప్యాకేజీలో ఇమడని రోగి ఒకడు వస్తాడు. మూత్రం బిగిసిపోయిందంటాడు, లేదా తెలియకుండానే పడిపోతోందంటాడు. కూర్చునే చోట స్పర్శ లేదంటాడు. పాదం పైకి లేవక నేలకు ఈడ్చుకుంటూ వస్తాడు. "ఇంకో పది సిట్టింగులు చూద్దాం" అన్న మాట మీ నోట రాకూడని రోజు అదే. వెన్ను అడుగున నరాల గుత్తి నలుగుతుంటే ప్రతి గంటా లెక్కే, ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. వెంటనే ఆటో పిలిచి పెద్దాసుపత్రికి పంపండి. ఆటో డబ్బులు మీరే ఇవ్వండి. అతని దగ్గర పుచ్చుకున్నదాంట్లో ఆ కాస్తయినా వైద్యానికి ఖర్చుపెట్టినవారవుతారు.