రెండు కిలోమీటర్ల రాయి, ఒకటిన్నర అడుగు గోడ

మా ఇంట్లో వైఫై ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్పాలంటే మ్యాపు గీయాలి. ముందు హాల్లో పుష్కలం. పడసాలలో తూర్పు మూల స్టూలు వేసుకుంటే ఫర్వాలేదు. వంటింట్లో గ్రైండరు పక్కన, తలుపు తీసి ఉంటే, ఒక గీత. మా అబ్బాయి బెంగళూరు కంపెనీకి పనిచేసే వెనక గదిలో సున్నా. అందుకని వాడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంటాడు. పోయిన వారం మీటింగులో మేనేజరు "వెనక ఆ మోత ఏంటి?" అని అడిగితే, "పక్కన బిల్డింగు కడుతున్నారు సార్" అన్నాడు. రుబ్బుతున్నది ఇడ్లీ పిండి.

మేముండేది కోరమండల్. పేరు విని సముద్రం ఒడ్డున ఉన్నామనుకుని ఎండాకాలం వస్తామనే బంధువులున్నారు. సముద్రం ఇక్కణ్నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇది బంగారపేట నుంచి మారికుప్పం పోయే బండి ఆగే ఓ చిన్న స్టేషను, కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్లో, ఒక పేట. మాది తాతల నాటి రాతి ఇల్లు, గోడ మందం ఒకటిన్నర అడుగు. కోలారు జిల్లాలో కరువు నీళ్లకే గానీ రాళ్లకు ఏనాడూ లేదు.

ఈ గోడ ముందు నిలబడి ఫోను పైకెత్తి, కిందికి దించి, పక్కకు తిప్పినప్పుడల్లా నాకు 1965 గుర్తొస్తుంది. ఆ ఏడాది మన ఛాంపియన్ రీఫ్ గనిలో, భూమికి రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జపాను, ఇంగ్లండు శాస్త్రవేత్తలతో కలిసి కూర్చుని, ఆకాశంలో పుట్టిన న్యూట్రినోలనే కణాల జాడ పట్టుకున్నారు. అంత రాయి కిందికి ఎందుకు దిగారంటే, మిగతా కిరణాల రొద అక్కడికి చేరదు కాబట్టి. న్యూట్రినోకు రాయి అడ్డే కాదు. ఎప్పుడో అరుదుగా తప్ప అది దారిలో ఎవరినీ పలకరించదు, ఎవరు పిలిచినా పలకదు. వైఫై అలా కాదు, అది మా పెద్ద మామ లాంటిది. పది గడపలవతల ఉన్న గుడికని బయల్దేరి మొదటి గడపలోనే కాఫీకి కూర్చుంటుంది. స్టీలు బీరువా కనిపిస్తే ఆగుతుంది, అద్దం కనిపిస్తే వెనక్కి తిరుగుతుంది, ఫ్రిజ్జు వెనక ఇరుక్కుంటుంది, చేపల తొట్టిలో దిగితే ఇక రాదు. రాతి గోడ దగ్గరైతే చతికిలబడిపోతుంది.

ఇంకోటి కూడా గుర్తొస్తుంది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో, అంటే మూడేళ్లు మన వెనకే. అప్పటికి 147 కిలోమీటర్లు. ఇప్పుడు నేనడుగుతున్నది హాలు నుంచి వెనక గదికి, ఇరవై ఎనిమిది అడుగులు.

కనెక్షను ఇచ్చిన రోజు సంగతి చెప్పాలి. కుర్రాడొచ్చాడు, స్తంభం మీంచి వైరు లాగాడు, కిటికీ చెక్కకు చిల్లు పెట్టాడు, వైరు ఎక్కడ అయిపోయిందో అక్కడే, అంటే టీవీ షోకేసు వెనక, పెట్టె బిగించాడు.

"కొంచెం లోపలికి పెట్టకూడదా నాయనా, నడింట్లో?"

"వైరు ఇంతే సార్, మీరే చూస్తా ఉండారు గదా. ఇంగ నాలుగు ఇండ్లకు పోవాల."

ఆ పెట్టెకు టీవీ ఒక పక్క, స్టీలు బీరువా ఇంకో పక్క, ముందు మా పెళ్లి ఫొటో. ఆయుధ పూజనాడు మా ఆవిడ ఆ పెట్టెనూ వదల్లేదు. యాంటెన్నాలకు విభూతి గీతలు, నెత్తిన బొట్టు, మెడలో తడి చామంతి మాల. వైఫైకి నీళ్లు పడవని ఆ మాత్రం సైన్సు నాకూ తెలుసు. ఆ ముక్క మా ఆవిడతో అనే ధైర్యం లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకు చాలా ముఖ్యమని పదకొండు నిమిషాలు చెప్పారు. తర్వాత అమ్మాయి లైన్లోకొచ్చి, ఆఫ్ చేసి ఆన్ చేయమంది. చేశాను. "మీరు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఉన్నారు సార్, 300కి మారితే బాగుంటుంది" అంది. మారాను. ఇప్పుడు హాల్లో సోఫాకు 300 వస్తోంది. సోఫాకు ఫోను లేదు. మిద్దె మీది ట్యాంకుకు పైపు వేయకుండా, కింద సంపులోకి ఇంకో ట్యాంకరు నీళ్లు తోలినట్టయింది.

ఇక వీధి వైద్యం మొదలైంది. ఒకరు యాంటెన్నా వెనక అల్యూమినియం రేకు పెట్టమన్నారు; పెడితే వీధిలోకి పోయేది కొంచెం ఇంట్లోకి తిరిగింది, గోడ మాత్రం గోడలాగే ఉంది. ఒకరు ఛానెల్ మార్చమన్నారు. అది మంచి సలహానే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే, మా లైన్లో ఇళ్లన్నీ 6 మీద కూర్చున్నాయి. 11కి మార్చాక పడసాలలో ఇంకో గీత పెరిగింది. 5 గిగాహెర్ట్జ్‌కు పోదామంటే, దానికి వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. కోడలి తమ్ముడు రిపీటరు కొనిపించాడు. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా సిగ్నల్ లేని వెనక గదిలోనే తగిలించాం. అది రిపీట్ చేస్తుంది, నిజమే. అక్కడికి వచ్చిందేమీ లేదు కాబట్టి ఆ లేనిదాన్నే శ్రద్ధగా రిపీట్ చేసింది. సగం దారిలో పెట్టాలని ఆ డబ్బా మీద బొమ్మ కూడా ఉంది. మనం డబ్బాల మీద బొమ్మలు చూస్తామా?

ఈ ఊళ్లో బలహీనమైన సిగ్నళ్లు కొత్త కాదు లెండి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మళ్లీ తెరుస్తామన్న మాట ఎన్నికల ముందు అన్ని గీతలతోనూ వస్తుంది, ఫలితాల మర్నాడు చూస్తే నో సర్వీస్. దాని కోసమూ చాలామంది చాలాకాలం ఫోను పైకెత్తినట్టే తలెత్తి చూశారు. తర్వాత పొద్దున్నే బెంగళూరు బండి ఎక్కడం అలవాటు చేసుకున్నారు.

చివరికి దారి చూపింది పక్కింటి పెద్దాయన. ముప్పయ్యేళ్లు గనిలో పనిచేసిన మనిషి. నేను అరుగు మీద కూర్చుని చెప్పిందంతా విని, వక్క నములుతూ అన్నాడు: "షాఫ్టులో బోను దించాలన్నా ఎత్తాలన్నా గంట కొట్టేది. మేము పైకి ఇనపడాలని అరుస్తా ఉన్నామా? తీగె ఉండె. రాయితో కొట్లాడితే గెలిసేదెవురు సామీ? తీగె లాగాల."

తీగే లాగాం. పదిహేను మీటర్ల క్యాట్ సిక్స్ కేబులు. మూడు కిలోమీటర్ల లోతు తవ్విన ఊళ్లో మా ఎలక్ట్రీషియను ఒకటిన్నర అడుగు గోడకు రెండు డ్రిల్లు ముక్కలు విరగ్గొట్టి, చివరికి తలుపు మీది వెంటిలేటరు లోంచి పంపాడు. అటక మీద పాత రౌటరు ఉంటే దించి వెనక గదిలో పెట్టాడు మా వాడు. అందులో డీహెచ్‌సీపీ అనేదాన్ని ఆపేయాలట. లేకపోతే ఇంటికి ఇద్దరు పెద్దలైపోయి, ఎవరిచ్చిన నంబరు తీసుకోవాలో ఫోన్లకు తెలియదు. షోకేసు వెనకున్న పెట్టెను కూడా బయటికి లాగి, బీరువాకు దూరంగా, తలెత్తు గూట్లో పెట్టాం. వంటింటి గడప ఖాళీ అయింది. గ్రైండరు మోత ఇప్పుడు మీటింగుల్లో వినపడదు.

కాబట్టి కొత్త కనెక్షను పెట్టించుకునేవాళ్లకు ఒక్క మాట. కుర్రాడు డ్రిల్లు తీయకముందే కాఫీ ఇవ్వండి. గ్లాసు చేతిలో ఉండగానే నడింటి దాకా నడిపించండి. వైరు ఇంతే అంటే, ఇంకో పది మీటర్లు రేపు తెమ్మని, చిల్లు కూడా రేపే పెట్టమని చెప్పండి.

300 ప్లాను మానేసి మళ్లీ 100కే వచ్చాం. ఎందుకు తగ్గిస్తున్నారని కస్టమర్ కేర్ అమ్మాయి అడిగింది. "గోడమ్మా" అన్నాను. ఆమె దగ్గరున్న కారణాల లిస్టులో గోడ లేదట. "ఇతరములు" అని రాసుకుంది.