రాగి నామస్మరణ

షుగర్‌కు ఈ మధ్య బాగా పేరొచ్చిన మందు రాగి జావ. మాత్రలా గొంతుకు అడ్డం పడదు, సూదిలా గుచ్చుకోదు. గ్లాసులో వేడిగా పోసి, బెల్లం కలిపి, పైన జీడిపప్పు పలుకులు చల్లి ఇస్తారు. పొద్దున నడక ముగించినవారు దాన్ని భక్తితో తాగి, ఇంటికెళ్లి మళ్లీ టిఫిన్ తింటారు. రాగి తాగాక ఏం తిన్నా పర్లేదని ఒక నమ్మకం.

జావకు పేరు ఈ మధ్యే వచ్చినా రాగి కొత్త చుట్టం కాదు, ఏర్పేడు సీమనే చూడండి. ఆ మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరేదాకా చిత్తూరు జిల్లాదే; ఆ జిల్లా రాగి ముద్ద, అంటే సంగటి, తిని పెరిగింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడంతో పండగనాటి వరి అన్నం రోజూ విస్తట్లోకి వచ్చింది, సంగటి పేదవాళ్ల తిండిగా మిగిలింది. చుట్టాలొస్తే సంగటి దాచి అన్నం పెట్టే కాలం అది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి అదే సంగటి నాటుకోడి పులుసు తోడుగా హోటల్ బోర్డెక్కింది. రేటు కూడా తగినట్టే ఎక్కింది.

రాగి గొప్పదనంలో అబద్ధం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 364 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో మూడు లోపే. భజన చేసేవారు పట్టికను ఇక్కడిదాకా చదివి మూసేస్తారు. కింది వరుసల్లో పిండిపదార్థం రాగుల్లో సుమారు 67 గ్రాములు, బియ్యంలో 78 అని ఉంటుంది. మాంసకృత్తులైతే బియ్యంలోనే ఒక పిసరు ఎక్కువ. అంటే రాగి కూడా గింజే. తింటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది ఎంత తిన్నారు, ఎలా వండారు, పక్కన ఏం పెట్టుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాత ఇళ్లలో ముద్దకు తోడు ఆకుకూర పప్పో, చెనక్కాయల ఊరిబిండో, ఉలవచారో ఉండేది. పప్పులోని మాంసకృత్తులు, కాయల్లోని నూనె అరుగుదలను నిదానం చేస్తాయి. తిన్న మనిషి మడక పట్టేవాడు. జావ సంగతి వేరు. మెత్తగా విసిరి, జల్లెడ పట్టి పొట్టు తీసేసి, నీళ్లలో బాగా ఉడికించిన పిండిని నమిలే పని కూడా లేదు. కడుపులో పడీపడగానే అరిగిపోతుంది. పీచు కోసం రాగిని పొగిడి, ఆ పీచునే జల్లెడలో వదిలేయడం ఈ వైద్యంలో మొదటి మెట్టు.

రెండో మెట్టు బెల్లం. చక్కెర విషం, బెల్లం అమృతం అని జావ అమ్మేవారు బోర్డు రాస్తారు. రెండూ చెరుకు బిడ్డలే, రెండింటిలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. బెల్లంలో ఇనుముందని ఒక సమర్థన ఉంది. నిజమే, కానీ అదే పట్టిక ప్రకారం నూరు గ్రాములకు ఐదు మిల్లీగ్రాముల లోపే. ఆడమనిషికి రోజుకు కావలసింది 29. రక్తం పట్టడానికి బెల్లాన్నే నమ్ముకుంటే రోజూ అరకిలో పైగా కొరకాలి. బయటినుంచి కలిపే తీపి రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది; గ్లాసు జావలో దండిగా వేసిన బెల్లం ఒక్కటే ఆ లెక్కను తినేయగలదు.

జావ కాచే ఓపిక లేనివారికి రాగి బిస్కెట్ ఉంది. అట్ట మీద రాగి కంకి, పచ్చటి చేను, తలపాగా రైతు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో, చాలా పొట్లాల మీద, మొదట మైదా, తర్వాత చక్కెర, పామాయిల్, ఆ తర్వాతెక్కడో రాగి పిండి. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన, కాబట్టి ఆ వరుస అబద్ధం చెప్పదు. ముందు వైపు కంకి బొమ్మకు మాత్రం అలాంటి వరుసేమీ లేదు.