మీ భవిష్యత్తుపై మీ అమూల్యాభిప్రాయం

పుదుచ్చేరి తీరంలో ఏ కుప్పానికి, అంటే ఏ మత్స్యకారుల పల్లెకు, భవిష్యత్తు రాబోతోందో తెలుసుకోవాలంటే జాతకం చూడక్కర్లేదు. భవిష్యత్తు కన్నా ముందు షామియానా వస్తుంది. దాని వెనకే అద్దె కుర్చీలు, మైకు, ఫ్లెక్సీ, టీ క్యాన్లు, ఆఖర్న ఏసీ కారులో కన్సల్టెంటు. సమావేశం పొద్దున పదకొండింటికి. ఆ వేళకి తెల్లవారకముందే వేటకెళ్లి వచ్చిన మగవాళ్లు నిద్రలో ఉంటారు, ఆడవాళ్లు గంపలు దించుకుని మార్కెట్లో బేరాల మీద ఉంటారు. మిగిలేది ముసలివాళ్లు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, ఏ సమావేశంలోనైనా ముందు వరస వదలని ఇద్దరు ముగ్గురు చోటా నాయకులు. నివేదికలో వీళ్లందరికీ కలిపి ‘భాగస్వామ్య పక్షాలు’ అని పేరు.

జనం రాలేదని మనం బాధపడతాం గానీ చట్టానికి ఆ బాధ లేదు. ప్రాజెక్టుల మీద ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరపాలో 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో కేంద్రం వివరంగా రాసింది. సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. కోరం లేకపోతే శాసనసభ వాయిదా పడుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం ప్రజలు లేరన్న చిన్న కారణానికి ఆగదు. జరిగినదంతా వీడియో తీయాలన్న నిబంధన కూడా ఉంది. కుర్చీల అద్దె లెక్క చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

ఇక ప్రశ్నలు. రంగు రంగుల చీటీలు పంచి చార్టు మీద అంటించమంటారు. బీచిలో బెంచీలు గ్రానైటువి కావాలా, చెక్కవా? దీపస్తంభాలు ఫ్రెంచి వాళ్ల కాలం తరహాలో ఉంటే మీకు సంతోషమేనా? ప్రహరీ మీద చేప బొమ్మ వేయమంటారా, తెరచాప బొమ్మా? ఏ సభలోనైనా సరే, ఈ దశలో వెనక నుంచి ఒక పెద్దావిడ లేస్తుంది.

“బెంచీలు సరే సార్, ఇసుకెప్పుడొస్తుంది? పడవ ఎక్కడికి లాక్కోవాలి?”

“అది ఈ ప్రాజెక్టు పరిధిలోకి రాదమ్మా. మీ అమూల్యమైన సూచన నోట్ చేసుకున్నాం, కూర్చోండి.”

ఎవరో కుర్రాడు ఆమె తరఫున పసుపు చీటీ మీద ‘ఇసుక’ అని రాసి అంటిస్తాడు. నివేదికకు ఎక్కేసరికి అది ‘తీర సుందరీకరణకు మహిళల నుంచి విశేష మద్దతు’ అయి తేలుతుంది.

పరిధిలోకి రాని ఆ ఇసుక సంగతి కాస్త చెప్పుకోవాలి. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట కూర్చోదు. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. 1980ల రెండో సగంలో అరియాంకుప్పం నది సముద్రంలో కలిసేచోట హార్బరు కోసం రెండు రాతి కట్టలు కట్టారు. వస్తున్న ఇసుక దక్షిణాన, వీరాంపట్టినం వైపు ఆగిపోయింది. ఉత్తరాన ఊరికి రావాల్సింది రాలేదు, ఉన్నదాన్ని సముద్రం పట్టుకుపోయింది. ఆగిన ఇసుకను తోడి అవతలి ఒడ్డుకు పంపాలన్న ఆలోచన ఉన్నా, ఆ పని సరిగా సాగలేదు. బీచి పోయింది. బీచి రోడ్డన్నా మిగలాలని బండరాళ్లు పోశారు. కురుచుకుప్పం, వైదికుప్పం ముందు పడవలు లాక్కునే ఒడ్డు పోయి రాళ్లు మిగిలాయి. గుండు గీసేశాక పాపిట ఎటు తీయమంటారని అడిగినట్టు, ఇప్పుడొచ్చి బెంచీల సంగతి అడుగుతున్నారు.

రాళ్లు పోసినచోట కోత ఆగింది గానీ మాయం కాలేదు, ఉత్తరానికి జరిగింది. నాలుగడుగులేస్తే అది తమిళనాడు. హార్బరు పుదుచ్చేరిది, కూలిన ఇళ్లు తంతిరాయన్‌కుప్పం, బొమ్మయార్‌పాళ్యం వైపువి. ఇసుకకు రాష్ట్రాల సరిహద్దు లేదు, షామియానాకు ఉంది. ఆ మధ్య, 2018 ప్రాంతంలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంజనీర్లు నీళ్ల అడుగున ఒక కృత్రిమ రీఫ్ దించితే ఇసుక నిజంగానే తిరిగొచ్చింది. వాళ్ల పనిని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. కానీ వచ్చిన ఇసుక ముందుగా సచివాలయం ఎదుటే పరుచుకుంది చూశారా, దానిక్కూడా ప్రోటోకాల్ తెలుసు.

సభలో గోడకు తగిలించే పటం మరో ముచ్చట. తీర మండల నిర్వహణ పటాలు 1:25,000 కొలతలో గీస్తారు. అంటే పటంలో సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. కుప్పంలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిన సందులున్నాయి, పటంలో గీసిన గీత మందంలో అలాంటివి డజను ఇమిడిపోతాయి. మత్స్యకారుల ఊళ్లు, చేపలు ఎండబెట్టే జాగాలు, వాళ్ల ఉమ్మడి స్థలాలు పెద్ద కొలత పటాల్లో తప్పక చూపాలని 2011 జనవరి 6 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ చెప్పింది. కానీ వల ఆరబెట్టే జాగాకు పట్టా ఉండదు, గోడ ఉండదు. వల ఎత్తేశాక చూస్తే అది ‘ఖాళీ స్థలం’. ప్రణాళికలు రాసేవాళ్లకు ఖాళీ స్థలం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, పార్కింగ్ అని రాసేస్తుంది.

భాష సంగతి కూడా ఒక్క మాట. పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనల్ని మార్చేస్తామంటూ 2020లో కేంద్రం ఒక ముసాయిదా వదిలి, దేశమంతా అభిప్రాయం చెప్పమంది, ఇంగ్లీషులోనూ హిందీలోనూ. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెబితే, అనువదించడం మాని సుప్రీంకోర్టుకు వెళ్లింది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న మన యానాం వాళ్ల పాట్లు వేరే చెప్పాలా? వాళ్ల గోదావరి ఒడ్డు భవిష్యత్తు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, బంగాళాఖాతపు గాలి తగిలే సచివాలయంలో తయారై ఇంగ్లీషు స్లైడ్ల రూపంలో దిగుతుంది. అభిప్రాయం మాత్రం తెలుగులో చెప్పుకోవచ్చు. అక్కడిదాకా స్వేచ్ఛే.

అడగడం కూడా తప్పేనా అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. అడగడం తప్పని ఎవరన్నారు? ‘వద్దు’ అనే జవాబుకు ఫారంలో గడి ఉండాలి అంటున్నాను, అంతే. గ్రానైటా చెక్కా అన్నదానికి ‘వద్దు’ అని రాస్తే ‘అభిప్రాయం తెలపనివారు’ ఖాతాలో వేస్తారు. 2017 జూన్‌లో పుదుచ్చేరి స్మార్ట్ సిటీల జాబితాకెక్కింది. ఆ పోటీలో పౌరుల్ని సంప్రదించినదానికి మార్కులుండేవి. మార్కులున్నచోట అభిప్రాయాలు ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు గానీ, ఏమని వచ్చాయో చదివే ఓపిక ఎవరికుంటుంది?

ఈ ఊరికి అడగడం చేతకాదనుకుంటే పొరపాటు. 1954 అక్టోబరు 18న ఇక్కడికి దగ్గర్లోని కీళూరులో ఒక సభ జరిగింది. ప్రజలెన్నుకున్న 178 మంది ప్రతినిధులు కూర్చుని, ఫ్రాన్సుతో ఉండాలా, భారత్‌లో కలవాలా అని ఓటేశారు. కలవాలని 170 మంది, వద్దని 8 మంది. వద్దన్న ఆ ఎనిమిది ఓట్లు కూడా ఇవాళ్టికీ చరిత్రలో పదిలంగా ఉన్నాయి, వాటిని ‘సూచనలు’గా ఎవరూ నోట్ చేసుకోలేదు. ఆ ఓటేసినవాళ్లలో మున్సిపల్ సభ్యులూ ఉన్నారు. దేశం ఏదో తేల్చే హక్కు అప్పుడు కౌన్సిలర్లకుండేది. మురుగుకాల్వ సంగతి తేల్చడానికి ఇప్పుడు కౌన్సిలరే లేడు. 1968లో స్థానిక ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2006లో, అదీ కోర్టులు వెంటపడితే. 2011లో వాళ్ల గడువు తీరింది, కుర్చీలు అప్పట్నుంచీ ఖాళీ. అయిదేళ్లకోసారి జనం అభిప్రాయాన్ని సేకరించే పాత పద్ధతి ఒకటుండేది, దానికి కన్సల్టెంటు అక్కర్లేదు, టీ కూడా ఎవరిది వాళ్లే తాగేవారు. అది మానేసి పసుపు చీటీలు పట్టుకొచ్చారు.

కుప్పంలో ఇప్పటికీ ఊరి పంచాయతీ ఉంది. గుడి దగ్గర కూర్చుంటారు, ఏ వల వేయాలో, ఏది వేయకూడదో తేలుస్తారు, మాట తప్పినవాడికి జరిమానా వేస్తారు. దాన్ని నెత్తిన పెట్టుకోమని కూడా అనను. అందులో ఆడవాళ్లకు కుర్చీ లేదు, ఏ వల వాడాలన్న తగువు ముదిరి 2021 ఆగస్టులో వీరాంపట్టినం, నల్లవాడు ఊళ్ల జనం సముద్రంలోనే కొట్లాటకు దిగారు, పోలీసులు గాల్లోకి కాల్పులు జరపాల్సొచ్చింది. అయినా ఒకటి చూడండి. ఆ కొట్లాట తెరచాప బొమ్మ కోసం కాదు. తమ పొట్ట నింపేదేదో, కొట్టేదేదో వాళ్లకు ఏ ఫెసిలిటేటరూ చీటీ మీద రాసివ్వక్కర్లేదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. ఈసారి సంప్రదింపులు అటు నుంచి మొదలుపెడదాం. కుప్పాలన్నీ కలిసి సచివాలయం భవిష్యత్తు మీద ఒక ముసాయిదా తయారుచేస్తాయి. ఆ భవనం జాగా పడవలు ఆపుకోవడానికి వీలుగా ఉంటుంది కాబట్టి పటంలో దాన్ని ‘ఖాళీ స్థలం’ అని చూపిస్తారు. అభ్యంతరాలకు 60 రోజుల గడువు. ముసాయిదా వైదికుప్పం ముసలాళ్ల యాసలో ఉంటుంది, అనువాదం అడిగితే కోర్టుకెళతాం. సమావేశం తెల్లవారుజామున మూడింటికి, పడవలు బయల్దేరేముందు, బండరాళ్ల మీద. అధికారులు సొంత కుర్చీలు తెచ్చుకోవచ్చు. కిటికీ తెరలు నీలం రంగులో కావాలా, ఆకుపచ్చవా అన్న విషయంలో వాళ్లకు సంపూర్ణ స్వేచ్ఛ ఉంటుంది. ఐఏఎస్ దొరల నుంచి విశేష స్పందన లభించిందన్న మినిట్స్ మాత్రం ముందురోజు సాయంత్రమే రాసి సంతకాలు పెట్టించి ఉంచుతాం.