వంద గ్రాముల కర్ర, కేజీ కొర్రమీను

అమెరికా నుంచి శ్రీకాకుళం దిగే సూట్‌కేసుల్లో బాదం పప్పు, చాక్లెట్లు, మోకాళ్ళ నొప్పుల మాత్రలు ఉండడం ఆనవాయితీ. ఈ వ్యాసకర్త ఇంటికి మాత్రం ఈసారి వాటితో పాటు మూడున్నర అడుగుల ప్లాస్టిక్ గొట్టం ఒకటి వచ్చింది. అందులో కొత్త ఇంటి ప్లాను ఉందేమోనని పక్కింటాయన ఆరా తీశాడు. ప్లానులో తన ప్రహరీ ఎటు జరుగుతుందోనన్నది ఆయన బెంగ. విప్పితే రెండు ముక్కల కార్బన్ గేలం కర్ర బయటపడింది. ముక్కలు కలిపితే ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, తూకం వంద గ్రాములకు అటూ ఇటూ. డాలస్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు దాన్ని చేతిలో పెట్టి, “మావయ్యా, ఇది ఫినెస్ రాడ్డు. బాస్ చేపలకి. ఎలాగుందో వాడి సెప్పు” అని మర్నాడే విశాఖలో విమానం ఎక్కేశాడు.

ఫినెస్ అంటే చేపను బతిమాలి పట్టడం. అమెరికా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అని పెద్ద నోటి చేప ఒకటుంది. సెలవు దొరికితే జనం పడవలేసుకుని దాని మీదికి పోతారు. రోజూ నెత్తి మీద ఎరలు రాలుతుంటే చేపకు మాత్రం బుద్ధి రాదా? పెద్ద ఎర కనపడితే మొహం తిప్పేసుకుంటుంది. అప్పుడు సన్న దారం, చిటికెన వేలంత రబ్బరు పురుగు, రెండు మూడు గ్రాముల సీసం, వీటన్నిటికీ తగిన పలచటి కర్ర కావాలి. ఓపిక విడిగా తెచ్చుకోవాలి. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ ఈ చేపకు పేరుమోసిన చోటు. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ 1992లో అక్కడే పడింది. దాని బరువు 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు.

ఇంత కష్టపడి పట్టిన చేపను వాళ్ళు చాలావరకు తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. 1972లో రే స్కాట్ అనే పోటీల నిర్వాహకుడు, పట్టిన బాస్‌ని చంపవద్దని ఉద్యమంలా మొదలుపెట్టాడు. పట్టడం, ఫొటో దిగడం, వదలడం అప్పట్నుంచీ అక్కడి మర్యాదగా స్థిరపడింది. ఈ సంగతి విని వ్యాసకర్త ఇంట్లోని పెద్దావిడ మనవడి భవిష్యత్తు మీదే అనుమానపడింది. “పట్టీసి వగ్గీడానికేటి బావూ, అంత పెట్రోలు కాల్చుకుని ఎల్లడం? పులుసెట్టుకోడం రాదేటి ఆళ్ళకి?”

అసలు చిక్కు వేరే ఉంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ చెరువు తోడినా, ఏ బంద ఎండినా, ఏ గెడ్డలో దిగినా లార్జ్‌మౌత్ బాస్ దొరకదు. అది ఉత్తర అమెరికా చేప. ఇక్కడ దొరికేవి కొర్రమీను, వాలుగ, జెల్ల, పరిగె, బొమ్మిడాయి, పెంపకం చెరువుల్లోని బొచ్చె, రాగండి. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా ఇప్పుడు జిలేబీ పేరుతో పిలవని పేరంటంలా ప్రతి నీటిగుంటలోనూ ఉంది. పేరులోనైనా బాస్ ఉన్నది మనకు ఒక్కటే. అది పండుగప్ప. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఏషియన్ సీ బాస్ అంటారు. వంశధార కలిసే కళింగపట్నం, నాగావళి కలిసే కళ్ళేపల్లి, చంపావతి కలిసే కోనాడ లాంటి ఉప్పునీటి మొగల్లో తిరుగుతుంది. మగగా పుట్టి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. 1997లో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర సంస్థ సీబా దీనిచేత దేశంలో తొలిసారి హేచరీలో గుడ్లు పెట్టించింది. అయితే అమెరికా బాస్‌కీ దీనికీ ఇంటిపేరు ఒక్కటే, చుట్టరికం లేదు.

చేప లేదని పరీక్ష మానుకుంటే మేనమామ పరువేం కావాలి? అందుకని వ్యాసకర్త మొదటి పరీక్షలన్నీ నీళ్ళ ఊసు లేకుండా ఇంట్లోనే పెట్టాడు.

ముందు కర్ర మీది రాత. పిడికి కాస్త పైన బంగారు అక్షరాలతో “మీడియం లైట్, ఫాస్ట్” అని, దారం 4 నుంచి 8 పౌండ్లని, ఎర 1/16 నుంచి 3/8 ఔన్సులని ఉంది. ఔన్సుకు 28.35 గ్రాములు. ఆ లెక్కన ఎర సుమారు 1.8 గ్రాముల నుంచి 10.6 గ్రాముల దాకా ఉండొచ్చు. మన 2011 రకం రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. అంటే ఈ కర్ర అర్ధరూపాయి బరువును కూడా గాల్లోకి విసరగలనని రాసిచ్చిందన్న మాట. దారం బలం 1.8 కిలోల నుంచి 3.6 కిలోలు. ఈ అంకెలు చూసే కర్ర కొనాలి. రంగు చూసి కొనేవాళ్ళున్నారు గానీ, చేప రంగు చూసి కొరకదు.

మీడియం లైట్ అన్నది కర్ర బలం, ఎంత లాగితే వంగుతుందన్న లెక్క. ఫాస్ట్ అన్నది వంగే చోటు. చివరి భాగమే వంగితే ఫాస్ట్, నడుము దాకా వంగితే మోడరేట్, పిడి దాకా ఊగితే స్లో. ఈ రెంటినీ కలిపేసి “మెత్తని కర్ర, గట్టి కర్ర” అనే దుకాణదారుడి మాట నమ్మి డబ్బివ్వకూడదు. కర్ర కొసను గోడకు ఆనించి మెల్లగా నొక్కితే వంపు ఎక్కడ పుడుతోందో కంటికే కనిపిస్తుంది. ఈ కర్ర కొస నుంచి మూడో వంతు దాకానే వంగి, అక్కడి నుంచి బిగదీసుకుంది. రాసింది నిజమే. పరీక్ష హాల్లో చేయాలంటే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. నీళ్ళలో చేప విరిచిన కర్రల కంటే ఇళ్ళలో ఫ్యాన్లు, కారు తలుపులు విరిచినవే ఎక్కువని గేలగాళ్ళు ఏ దేశంలోనైనా ఒప్పుకుంటారు.

బలం కొలవడానికి ఇంకా శాస్త్రీయమైన పద్ధతి ఉంది. విలియం హానెమన్ అనే అమెరికన్ 2003లో ‘కామన్ సెంట్స్’ అని ఒకటి ప్రచారంలోకి తెచ్చాడు. కర్రను అడ్డంగా బిగించి, కొసకు సంచీ కట్టి, అందులో ఒక్కొక్కటిగా సెంటు నాణేలు వేయాలి. కర్ర కొస దాని పొడవులో మూడో వంతు కిందికి దిగేసరికి ఎన్ని నాణేలు పట్టాయో అదే దాని బలం. సెంటు బరువు రెండున్నర గ్రాములు. శ్రీకాకుళంలో సెంట్లెక్కడివి? సెంట్లంటే ఇక్కడ ఇంటిస్థలాలే. అయితే పది రూపాయల బిళ్ళలకు కొదవ లేదు. చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు ప్రకటించినా కిరాణా కొట్లవాళ్ళు తీసుకోరు కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా నిండా ఉంటాయి. ఒక్కోటి ఏడున్నర గ్రాముల పైచిలుకు. బల్లకు కట్టిన కర్ర కొసన పాలిథిన్ కవరు, అందులో టకటకా పడుతున్న బిళ్ళలు, పక్కన స్కేలు పట్టుకున్న పెద్దమనిషి. పాలబ్బాయి ఇదంతా చూసి ఆ నెల బాకీ వెంటనే అడిగేశాడు.

స్పర్శ పరీక్షే అన్నిటికంటే కష్టం. ఫినెస్ వేటలో బెండు ఉండదు. చేప ఎరను నోట పెట్టుకున్న సంగతి దారం, కర్ర, పిడి మీదుగా వేలికి తెలియాలి. కార్బన్ కర్ర గొప్పంతా ఇక్కడే ఉంది. ఫైబర్‌గ్లాస్ కంటే తేలిక, బిరుసు, అందువల్ల సన్నటి అదురు కూడా మధ్యలో చచ్చిపోకుండా చేతికి వస్తుంది. బొబ్బిలి వీణ కొనేవాడు తీగ మీటి చూసినట్టు, ఈ కర్ర కొనేవాడు సన్నటి దారం కట్టి, చిన్న సీసపు ముక్కను సిమెంటు గచ్చు మీద ఈడ్చి చూడాలి. గచ్చు గరుకు, పెంకు అంచు, ఎండిన ఆకు వేలికి వేర్వేరుగా తెలిస్తే కర్ర మంచిది. ఈ కర్ర మూడూ చెప్పింది.

ఇక నీళ్ళ దగ్గరికి పోక తప్పలేదు. ఊరి బంద గట్టు మీద వెదురు గేలంతో కూర్చున్న తాత కార్బన్ కర్రను చేతిలోకి తీసుకుని, కొసను నేలకు ఆనించి నొక్కి, వంపు చూశాడు. గోడ పరీక్షే. ఏ పత్రికలోనూ చదవలేదు. తర్వాత బరువు చూసి నవ్వాడు. “ఏటి బావూ, ఈ పుల్లతో సేపని కొడతావా, గిలిగింతలెడతావా?”

తాత చేతిలోని వెదురు మీద జాలిపడే ముందు కాస్త చరిత్ర చూడాలి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో చేపల వేటకు ‘మత్స్యవినోదం’ పేరుతో ఒక భాగమే కేటాయించి, చేపల రకాలు, వాటి మేత, గేలం వేసే తీరు రాయించాడు. ఇంగ్లీషువాళ్ళు వేదంలా చూసుకునే ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653 నాటిది. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరగారు హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాసి, అది చాలక 1887లో ఒక్క చెరువు గేలాల మీదే మరో పుస్తకం తెచ్చాడు. అమెరికా సంగతి మరీ ముచ్చట. 1840ల్లో పెన్సిల్వేనియాలో తుపాకులు, ఫిడేళ్ళు చేసే శామ్యూల్ ఫిలిపీ వెదురును పట్టీలుగా చీల్చి, అతికించి సన్నటి కర్రలు చేశాడు. ఆ వెదురు కలకత్తా రేవులో ఓడెక్కి వెళ్ళేది కాబట్టి దాన్ని ‘కలకత్తా కేన్’ అనేవారు. తర్వాత చైనా వెదురు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫైబర్‌గ్లాస్, 1970ల్లో కార్బన్ వచ్చాయి. మేనల్లుడు సూట్‌కేసులో మోసుకొచ్చిన దాని ముత్తాత ఒకప్పుడు బంగాళాఖాతం మీదుగానే వెళ్ళాడు.

సరే, పోటీ. గట్టు దగ్గర శుభ్రమైన నీళ్ళున్న చోట కార్బన్ కర్ర మెరిసింది. రెండు గ్రాముల ఎర చెప్పిన చోట పడింది. జిలేబీ ముట్టినా, జెల్ల ముట్టినా వేలికి ముందే కబురొచ్చింది. అరచేయంత చేప కూడా కర్రను విల్లులా వంచి వేటగాణ్ణి గొప్పవాణ్ణి చేసింది. పక్కన తాత కూడా అవే చేపల్ని తీస్తున్నాడు. ఆయన కర్ర వంగలేదు కాబట్టి ఆయన్నెవరూ మెచ్చుకోలేదు.

గుర్రపుడెక్క పట్టిన మూలకు వెళ్ళేసరికి కథ తిరగబడింది. కొర్రమీను ఉండేది అక్కడే. అది గాలి పీల్చే చేప కాబట్టి నీళ్ళు చెడ్డా దానికి బెంగ లేదు. కప్పను మింగగానే తూళ్ళలోకి దూరుతుంది. దాన్ని మొదటి క్షణంలోనే నిలబెట్టి పైకి లాగాలి. ఆరు పౌండ్ల దారానికి రీలు బ్రేకును దాని బలంలో మూడో వంతుకు, అంటే కిలో లోపు లాగుడుకు బిగిస్తారు. కేజీ కొర్రమీను ఆ లాగుడును పట్టించుకోదు. తూడులో చేపకు అమెరికావాళ్ళు కూడా నలభై, యాభై పౌండ్ల అల్లిక దారం, హెవీ కర్ర వాడతారు. తాత పన్నెండడుగుల వెదురు తూడు మీదుగా చాచి, కప్పను సందులో దించి, చేప పట్టగానే నిలువునా పైకెత్తేశాడు. రీలు లేదు, బ్రేకు లేదు, బతిమాలడం అంతకంటే లేదు.

ఆ రాత్రి ఫొటో చూసి మేనల్లుడు ఫోను చేశాడు. అక్కడ ఈ చేపను బతికుండగా దేశంలోకి తెస్తే నేరమట. నిజమే. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో దీని చైనా దాయాది కనపడి గగ్గోలు పుడితే, అమెరికా ప్రభుత్వం ఆ ఏడే కొర్రమీను కుటుంబం మొత్తాన్నీ హానికర జీవుల జాబితాకెక్కించింది. వాళ్ళ బాస్ మాత్రం తక్కువ తిందా? 1925లో జపాన్‌లోని అషి సరస్సులో వదిలిన బాస్ అక్కడి చేపల్ని తినేస్తుంటే, 2005లో జపాన్ దాన్నీ నేరస్థుల జాబితాలో పెట్టింది. అయినా నాలుగేళ్ళకే, 2009లో, జపాన్ బివా సరస్సులో పడ్డ బాస్ 1932 నాటి అమెరికా ప్రపంచ రికార్డును సమం చేసింది. “మన సేపకి ఈసా ఇవ్వరన్నమాట” అని పెద్దావిడ పులుసు గిన్నె మూత తీసింది.

మిగిలింది కళింగపట్నం. సముద్రపు గాలికి రెండు గ్రాముల ఎర వెనక్కొచ్చి వేసినవాడి చొక్కానే పట్టుకుంటుంది. ఏడు గ్రాముల పైన అయితే కర్ర బాగానే విసిరింది. మొగలో తిరిగే చిన్న చేపలకు హాయిగా సరిపోతుంది. పెద్ద పండుగప్పకు కాదు. దాని మొప్ప రేకు అంచుకు సన్న దారం నిలవదు, ముందు మందపాటి దారం ముక్క కట్టాల్సిందే. అదీగాక ఆ జాతిలో ప్రపంచ రికార్డు నలభై కిలోల పైమాట.

తీర్పు ఇది. స్పర్శకు, తూకానికి, చిన్న ఎర విసరడానికి ఈ కర్రకు పూర్తి మార్కులు. తేట నీళ్ళలో జిలేబీలకు, జెల్లలకు, పిల్లలకు గేలం నేర్పడానికి ఇంతకంటే సరదా వస్తువు లేదు. కొర్రమీనుకు, పండుగప్పకు సున్నా. ఉత్తరాంధ్రలో ఒకే ఒక్క కర్ర కొనాలనుకునేవారు మీడియం హెవీ చూసుకోండి, అదీ రెండు ముక్కలది. ఏడడుగుల ఒంటి కర్రతో పల్లెవెలుగు బస్సెక్కితే కండక్టరు దానికీ టికెట్టు కొట్టినా అడ్డు చెప్పలేరు. ఆఖరుగా, నవ్వులాట కాని మాట ఒకటి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువు గట్ల మీద వేలాడే తీగల కిందా, ఉరుములు మొదలయ్యాకా ఈ కర్రను ఎత్తకండి.