‘పోప్పా’ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: శివరాత్రి పూట నంద్యాల బస్టాండు. మహానంది పెద్ద దూరమేం కాదు గానీ ఆ రోజు బస్సెక్కడమే కైలాసమెక్కడం. గుంటూరు భక్తుడొకడు ఫుట్‌బోర్డు మీద స్వయంభువుగా వెలిశాడు. అతణ్ణి ఉద్దేశించి కండక్టరు ఇట్లా సెలవిచ్చాడు.

మూలం: “లోపలికి పోప్పా, బస్సంతా ఖాళీనే!”

ప్రతిపదార్థం: లోపలికి = లోపల అనే చోటు ఇంకా మిగిలి ఉంటే అక్కడికి; పో = (టీకలో చూడుడు); అప్పా = వయసూ హోదా అడక్కుండా సీమలో ఎవరికైనా తగిలించగల పిలుపు; బస్సంతా = డ్రైవరు సీటు మినహా; ఖాళీనే = కండక్టరు కంటికి మాత్రమే కనిపించునది.

పో + అప్పా = పోప్పా. నడుమ నలిగిన అకారానికి సీటు దొరకలేదు. అలంకారం అతిశయోక్తి.

టీక: భక్తుడు భగ్గుమన్నాడు. “నన్ను పట్టుకుని పో అంటావా?” కోస్తాలో ‘పో’ అంటే గెంటడం. పోవడమంటే ప్రాణం పోవడమే గుర్తొస్తుంది కాబట్టి గడప దాటేవాళ్ళు ‘వెళ్ళొస్తా’ అంటారు. సీమలో ‘వెళ్ళు’ పుస్తకాల మాట. ఇక్కడ గుడికి పోతారు, పెళ్ళికి పోతారు, నవ్వుతూ ‘పోయొస్తా’ అని చెప్పి మరీ పోతారు. తమిళుడిదీ ఇదే ‘పో’. కన్నడిగుడు పాలను హాలు, పులిని హులి చేసినట్టే పాత ‘పోగు’ను ‘హోగు’ చేసుకున్నాడు. ఇక మన పాత కావ్యాల్లో పో అంటే ‘సుమా’ అనే నిశ్చయార్థం కూడా ఉంది. కండక్టరు కావ్యభాషలో మాట్లాడాడని వాదించవచ్చు, కానీ టిక్కెట్టు చిల్లర దగ్గర ఆ వాదం నిలవదు.

మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ఒట్టేసుకున్నాడు. మనకా నిష్ఠ లేదు కనుక సముద్రం దాటుదాం.

ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదవడానికి పోయిన మన పిల్లలకు రోజూ చెవిన పడే మాట ఇదే. తగలోగ్ భాషలో ‘పో’ అంటే అచ్చంగా మన ‘అండీ’. ‘సలామత్ పో’ అంటే కృతజ్ఞతలండీ, ‘ఓపో’ అంటే అవునండీ. ప్రభువు అనే అర్థమున్న మాట కురచై ఇలా మిగిలిందంటారు. ‘కాదండీ’ అనాలంటే వాళ్ళు ‘హిందీ పో’ అంటారు. 1965లో మద్రాసు వీధుల్లో ఈ మాట వినబడి ఉంటే హిందీ వ్యతిరేక ఉద్యమ నినాదమనుకుని చప్పట్లు కొట్టేవారు. కాబట్టి మనీలా నుంచి వచ్చిన యాత్రికుడికైతే మన కండక్టరు మహా మర్యాదస్థుడు.

తగలోగ్‌కు దూరపు చుట్టమైన మావోరీలో ‘పో’ అంటే రాత్రి. శివరాత్రికి ఇది అతికినట్టు సరిపోతుంది. పోర్చుగీసులో దుమ్ము, పొడి. లాటిన్ ‘పుల్విస్’ అరిగి అరిగి ఇంత అయింది. జర్మన్ పిల్లల భాషలో కూర్చునే భాగం. సీటు దొరకని బస్సులో ఆ అర్థానికి పనిలేదు. ఇటలీ వాడికి ‘కొంచెం’, పొడుగైన ‘పోకో’కు పొట్టి రూపం. అక్కడే 652 కిలోమీటర్ల పో నది కూడా ఉంది. దాని పేరు లాటిన్ ‘పాదుస్’ నుంచి వచ్చింది, ‘కొంచెం’తో సంబంధం లేదు. లిగూరియన్లు ఆ నదిని ‘అడుగు లేనిది’ అనే అర్థమొచ్చే పేరుతో పిలిచేవారని ప్లినీ రాశాడు. మన మహానంది కోనేరు అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనబడుతుంది. ఏ నీళ్ళు గొప్పవో పాఠకులే తేల్చుకోవచ్చు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులు ఒకే కుటుంబం. ఈ ‘పో’లు మాత్రం చాలావరకు ఒకదాని ముఖం ఒకటి ఎరగనివి.

తాత్పర్యం: ఓ గుంటూరు భక్తుడా, నిన్నెవరూ తిట్టలేదు. కండక్టరు నిన్ను అప్పా అని కూడా పిలిచాడు. వెనక ఇంకో ముప్పై మంది ఎక్కాలి, కాస్త లోపలికి పో.