మా కాలంలో బసల్ ఎట్లా వచ్చిందంటే

ఇప్పటి ఆడపిల్లలకు కువైట్ పోవాలంటే సెల్‌ఫోన్ ఒకటుంటే చాలంట. "ఎర్రగడ్డను అరబీలో ఏమంటారో తెలుసా పాపా?" అంటే, "ఫోన్ చెప్తాది లే అత్తా" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటి పనిమనుషులుగా, పోయినోళ్లలో శానామందికి తెలుగు చదవడమే అంతంతమాత్రం. అయినా వంటింట్లో దిగిన కొన్నాళ్లకే కూరగాయలన్నీ అరబీలో నోటికొచ్చేవి. ఇంటి మామా, అంటే యజమానురాలు, ఎర్రగడ్డ ఎత్తి పట్టుకుని "బసల్" అనేది. మనం అనాల. పెదాల చివర్నుంచి తేలిగ్గా 'స' అంటే ఒప్పుకునేది కాదు. నాలుక వెనక బరువు పెట్టి, నోరు నిండా పలికిందాకా గడ్డ మన చేతికిచ్చేది కాదు. ఆ తర్వాత "నాయిమ్" అనేది, సన్నగా తరగమని. మచ్‌బూస్ అన్నంలోకి ఆ తరుగు రంగు తిరిగేదాకా వేగాల, ఎండు నిమ్మకాయ లూమీకి తూట్లు పొడిచి వెయ్యాల. ఆ వాసనతోనే మాట కూడా ఒంటికి పట్టేది.

పక్కింట్లో పనిచేసే కోనసీమ అక్క చెత్త పడేసేందుకు బయటికొచ్చినప్పుడు, గోడ పక్కన నిలబెట్టి కొత్తపిల్లతో రోజుకు నాలుగు మాటలు అప్పజెప్పించుకునేది. మరుసటి రోజు తప్పు పలికితే తిట్టేది కూడా. 1990 ఆగస్టులో కువైట్‌లో ఇరాక్ సైన్యం దిగితే అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చి, అక్కడ కుదుటపడ్డాక మళ్లీ పోయినోళ్లం మేము. అట్లా నేర్చుకున్న ఒక్క మాటా మరిచిపోలేదు.

ఫోన్ చెప్పేది పుస్తకాల అరబీ. క్యారెట్ అందులో జజర్, కువైట్ ఇంట్లో యజర్. కోడి అందులో దజాజ్, వంటింట్లో దియాయ్. బియ్యాన్ని ఫోన్ అరుజ్ అంటాది, ఇంట్లో ముసలామె ఐష్ అంటాది. అదే ఈజిప్టు డ్రైవర్ ఐష్ అంటే రొట్టె కావాలని! టమోటాకు మాత్రం తిప్పల్లేదు, టమాట్. ఇవన్నీ మనుషుల పక్కన నిలబడి వింటే వచ్చేవి.

నా కోపం ఫోన్ మీద కాదు. కొన్ని ఇళ్లలో దిగిన రోజే దాన్ని తీసి పెట్టుకుంటారు. అప్పుడు ఆ పిల్లకు నోరే ఉండదు. ఎర్రగడ్డ, ఉర్లగడ్డ అడగడం వచ్చిన పిల్లకు ఆకలైందని చెప్పడం వస్తాది, జీతం అడగడం వస్తాది, బకాలా అంగడికి పోయినప్పుడు "నాకు సాయం చెయ్యండి" అనడం వస్తాది. ఏజెంట్లు వీసాకు డబ్బులు లెక్కపెట్టుకుంటారే గానీ ఇది ఒక్కరూ చెప్పరు.

మా కోడలి చెల్లెలు వచ్చే నెల పోతోంది. సాయంత్రం రమ్మన్నా, ఫోన్ ఇంట్లో పెట్టి. సంతలో తెచ్చిన కూరగాయలు ముందేసుకుని బసల్‌తో మొదలుపెడతాం.